సీసం గుండు

కాకినాడలో రొక్కం రెండుసార్లు లెక్కపెట్టుకుని
బోటు నా పేర రాసిచ్చి
కొడుకు ఇంటికి పోయాడు.
తండ్రి పోలేదు.
అణియం మీద చతికిలబడి చుట్ట వెలిగించాడు.
"దీనికి అంతర్వేది దారి తెల్దు. నేనూ వత్తా."
డెబ్బై దాటిన మనిషి, లోవరాజు.
వద్దనడానికి నోరు రాలేదు.

పుష్యమాసం. మొగ దాటగానే
ఈశాన్యపు గాలి చొక్కాలో దూరింది.
నేనూ, నా బావమరిది ధనకొండా
ఇంజిను పెట్టెకి వీపులు ఆనించుకున్నాం.
అంత సముద్రంలో వెచ్చనిది అదొక్కటే.
మా రేవులో ఇంత చలి ఉండదన్నాను.
"ఉండకేం? మడచెట్ల చాటున
గాలి తగలదు, అంతే" అన్నాడు.

నడిరేయికి మంచు కమ్మేసింది.
ఫోనులో పటం తెల్లబడిపోయింది.
ఏమీ రాయని కాగితం మీద
నీలి చుక్క ఒక్కటి, మేమట.

ముసలాయన మొలలోంచి గుడ్డమూట తీశాడు.
సీసం గుండు. అడుగున గుంట.
గుంటలో బట్టల సబ్బు కూరి, నీళ్ళలోకి వదిలాడు.
తాడు ముళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళ సందున జారాయి.
"నాలుగు బారలు."
పైకి లాగి, సబ్బుకంటిన మట్టి వాసన చూశాడు,
తర్వాత నాలిక కొసకి తాకించాడు.
"గౌతమి. కుళ్ళిన మడాకు.
బయటికి తిప్పు, లోపల మేటుంది."

ధనకొండ వైపు చూసి నవ్వాను.
చుక్కాని మాత్రం తిప్పాను.

ఎప్పుడో ఒక రాత్రివేళ కుడిపక్కన ఆకాశం ఎర్రబారింది.
తెల్లారిందనుకున్నాను.
ఓడలరేవు గ్యాసు మంట అది.
మంచంతా లోపల దీపం పెట్టిన కాగితంలా వెలిగింది.
ముగ్గురం చేతులు చాపాం అటు,
చలి కాచుకుంటున్నట్టు.
ఎన్ని మైళ్ళ అవతలి మంటో!
సిగ్గుపడ్డాం గానీ ఎవరమూ చేతులు దించలేదు.

"దీన్ని సూసుకుని పోయే కుర్రోళ్ళే ఇసకెక్కేది.
మంట ఒక్కచోటే ఉంటది.
మేట వరదొచ్చినప్పుడల్లా చోటు మారుద్ది."

ఆ వెలుగులోనే
నీళ్ళ మీద బోర్లించిన చట్టిలా ఒక వీపు.
"ఇంజినాపు. తాబేలు. గుడ్లకెళ్తంది."
ఆపాను.
ఎంత సేపో తెలీదు. చుట్ట వాసన.
చెక్కల మూలుగు.
దాని తల ఒకసారి లేచి, గాలి పీల్చి, మునిగింది.

ఆ నిశ్శబ్దంలోనే చెప్పాడు,
నా వైపు చూడకుండా:
"ఎడం పక్క మూడో చెక్క నీరు తాగుద్ది.
చుక్కాని మేకు రెండేళ్ళ కిందటే అరిగిపోయింది.
మావోడు సెప్పుండడు."

చెప్పలేదు.
ఇచ్చిన నోట్లన్నీ ఒక్కసారి కళ్ళ ముందు ఎగిరాయి.
కోపం రావాలి కదా. వచ్చింది కూడా.
కానీ ఆ చలిలో అది నిలబడలేదు.

తెల్లవారుజామున మళ్ళీ గుండు వేశాడు.
ఈసారి తను చూడలేదు, నా ముక్కు కింద పెట్టాడు.
"వశిష్ఠ ఇది. నీ ఏరు. నువ్వే సెప్పు."
గుండెల నిండా పీల్చాను.
సబ్బు వాసన తప్ప ఇంకేం రాలేదు.
అదే చెప్పాను.
ముసలాయన చాలాసేపు నవ్వి, దగ్గాడు.
"అబద్ధమాడలేదు. పర్లేదు, నేర్చుకుంటావు."

పోటు మమ్మల్ని లోపలికి మోసుకెళ్ళింది.
మొదటి మడచెట్టు దాటగానే గాలి తెగింది,
ఎవరో తలుపు వేసినట్టు.
చెవులు వేడెక్కాయి. వేళ్ళు నావే అనిపించాయి.
గట్టున వరదాయమ్మ బాయిలరు మూత ఎత్తింది.
టీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని
తాగకుండా చాలాసేపు ఊరికే ఉన్నాడు.

గుండు ఇమ్మని అడిగాను. డబ్బిస్తానన్నాను.
"బోటు అమ్మాం. ఇది అమ్మలేదు."
కడిగి, గుడ్డలో చుట్టి, మొలలో దోపుకున్నాడు.
రాజోలు బస్సుకి చార్జీలు మాత్రం తీసుకున్నాడు,
నా దగ్గర చిల్లర లేక
ఎక్కువొచ్చిన పది రూపాయలు
ధనకొండ చేతిలో పెట్టి మరీ ఎక్కాడు.

బస్సు మలుపు తిరిగాక బోటులోకి దిగాను.
ఎడం పక్క మూడో చెక్క మీద అరచెయ్యి ఆనించాను.
తడి.
ఇంజిను పక్కనే కదా,
వెచ్చగానే ఉంది.